సంతకం మనది, సొమ్మెవరిది?

ఫ్యాక్టరీ గేటు కాడ ఒక కాగితం అంటిస్తరు. 'స్వచ్ఛంద పదవీ విరమణ పథకం' అని పైన పెద్ద అక్షరాలు. కింద ఆఖరు తారీఖు. ఆ దినం నుంచి కార్మికుని కంటికి కునుకు ఉండదు. క్యాంటీన్‌లో అదే ముచ్చట, బస్సులో అదే ముచ్చట, ఇంటికి పోతే ఇల్లాలు అడిగేదీ అదే. "తీసుకుంటవా? ఉంటవా?"

ఇంతల మేనేజరు పిలుస్తడు. ఇరవై ఏండ్ల నౌకరీలో ఎన్నడూ కూసోమననోడు ఆ దినం కుర్చీ వేస్తడు, చాయ్ సుత తెప్పిస్తడు. "నీ మేలు కోరి చెప్తున్న. ఇప్పుడు తీసుకుంటే ఇంత ముల్లె వస్తది. రేపు కంపెనీ మూతబడితే ఇది సుత రాదు. ఉంటనంటే ఎక్కడికో బదిలీ అయితది. ఆపై నీ ఇష్టం" అంటడు.

'నీ ఇష్టం'. మోసమంతా గీ రెండు మాటల్లోనే ఉన్నది!

నెత్తి మీద కత్తి పెట్టి సంతకం తీసుకొని, దానికి 'స్వచ్ఛందం' అని పేరు పెట్టిన్రు. పేరులో ఏమున్నదంటారా? పేరులోనే ఉన్నది. నిన్ను తీసేసిన్రు అని కాగితం మీద ఉంటే ఒక చట్టం. నువ్వే పోయినవు అని ఉంటే ఇంకో చట్టం. మొదటి దానిలో కార్మికునికి ఉన్న రక్షణలు రెండో దానిలో ఉండయి. పైగా చేతికొచ్చిన ముల్లె మీద సర్కారు పన్ను వసూలు చేస్తది. నౌకరి పోయినోని కాడ ఒక చేత్తో హక్కు, ఇంకో చేత్తో పైస గుంజుకునే ఈ ఏర్పాటు గురించి మాట్లాడేటోడే లేడు. అందుకే ఈ రాత.

నష్టపోయినోనికి 'లాభం' అట!

ఆదాయపు పన్ను చట్టం ఏమంటదో చూడున్రి. నౌకరి నుంచి తీసేసినప్పుడు యజమాని ఇచ్చే నష్టపరిహారానికి 1961 చట్టం పెట్టిన పేరు 'జీతానికి బదులుగా వచ్చిన లాభం'. నష్టపరిహారం అంటేనే నష్టం జరిగిందని అర్థం గదా! అది లాభం ఎట్లయితది? బతుకుదెరువు పోయినోని చేతిలో పెట్టిన పైసలను జీతం లెక్క లాభంలో కలిపి పన్ను వేస్తరు.

ఇది మొదటి నుంచీ ఇట్ల లేదు. 1922 నాటి పాత పన్ను చట్టంలో, కేవలం ఉద్యోగం పోయినందుకు ఇచ్చే పరిహారానికి మినహాయింపు ఉండె. తెల్లోడు రాసిన చట్టమే నౌకరి పోవుడును నష్టమని ఒప్పుకున్నది. ఆ మినహాయింపును స్వతంత్రం వచ్చినంక, 1955లో తీసేసిన్రు. తీసేసింది మనోళ్లే!

తర్వాత ప్రభుత్వ రంగంలో మందిని తగ్గించాలె అనుకున్నప్పుడు, 1987లో సెక్షన్ 10(10సి) తెచ్చిన్రు. స్వచ్ఛంద విరమణ కింద వచ్చే మొత్తానికి పన్ను మినహాయింపు ఇచ్చేది ఈ సెక్షనే. ప్రేమతో ఇచ్చిన్రనుకుంటున్నరా? కాదు. కార్మికుడు తొందరగ సంతకం పెట్టాలని ఇచ్చిన్రు. తర్వాత ప్రైవేటు కంపెనీలకు సుత దాన్ని వర్తింపజేసిన్రు. ఆ మినహాయింపుకు 1990లలో ఒక గీత గీసిన్రు. ఐదు లక్షలు. అంతే. ఆ గీత ఆడనే ఉన్నది.

కిలో బంగారం నుంచి ఐదు తులాల లోపలికి

1990ల మధ్యలో పది గ్రాముల బంగారం ఐదు వేల రూపాయల చుట్టూ ఉండె. అంటే ఐదు లక్షలకు కిలో బంగారం వచ్చేది. 2025లో పది గ్రాములు లక్ష దాటింది. అదే ఐదు లక్షలకు ఐదు తులాలు సుత రావు. మరి గీత ఎందుకు జరగలేదు?

జరపరాదని ఏం లేదు, కొన్ని గీతలు జరిపిన్రు. గ్రాట్యుటీ మీద పన్ను మినహాయింపు పరిమితిని 2010లో పది లక్షలకు, 2018లో ఇరవై లక్షలకు పెంచిన్రు. ప్రైవేటు ఉద్యోగుల లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ పరిమితి మూడు లక్షలుంటే 2023లో ఒక్క దెబ్బకు ఇరవై ఐదు లక్షలు చేసిన్రు. మంచిదే, వద్దనేటోడు లేడు. కాని అరవై దాకా పని చేసి దండలతో ఇంటికి పోయేటోనికి పెంచిన చెయ్యి, నలభై ఐదేండ్లకు బజార్ల పడ్డోని కాడికి వచ్చేసరికి ఎందుకు ముడుచుకున్నది? రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి సుత 1997 నుంచి అదే ఐదు లక్షల గీత. 2025లో ఆదాయపు పన్ను చట్టం మొత్తం తిరగరాసిన్రు. సెక్షన్ల నంబర్లు మారినయి. వాక్యాలు మారినయి. ఐదు లక్షలు మాత్రం మారలేదు!

ఒక లెక్క చేద్దాం

మాటలొద్దు, లెక్క చూద్దాం. పటాన్‌చెరు దిక్కు ఏదో ఒక కంపెనీలో యాభై ఏండ్ల కార్మికుడు ఉన్నడనుకుందాం. 24 ఏండ్ల సర్వీసు. మూల వేతనం, కరువు భత్యం కలిపి 40 వేలు. అన్నీ కలిపి నెలకు 45 వేలు. ఏడాదికి 45 రోజుల జీతం చొప్పున కంపెనీ ఇస్తనన్నది. అంటే నెలన్నర జీతం 60 వేలు, 24 ఏండ్లకు 14 లక్షల 40 వేలు. 2026 మార్చి 31 నాడు ఇంటికి పొమ్మన్నరు.

ఐదు లక్షలకు పన్ను లేదు. మిగిలిన 9 లక్షల 40 వేలు ఆ ఏడాది జీతం 5 లక్షల 40 వేలతో కలుస్తది. మొత్తం 14 లక్షల 80 వేలు. కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే 14 లక్షల 5 వేలు. 2025-26 శ్లాబుల ప్రకారం పన్ను 90,750 రూపాయలు, దాని మీద 4 శాతం సెస్సు 3,630. మొత్తం 94,380 రూపాయలు. పాత విధానంలో లెక్కేస్తే ఇంకా ఎక్కువ.

వీఆర్ఎస్ తీసుకోకపోతే ఈ మనిషి కట్టే పన్ను ఎంత? సున్నా! నౌకరి ఉన్నన్ని దినాలు పన్ను కట్టేంత ఆదాయం లేనోడు, నౌకరి పోయిన దినం పన్ను కట్టేటోడు అయిండు.

మిగిలిన పదమూడున్నర లక్షలు బ్యాంకులో వేసి, నూటికి ఏడు చొప్పున ఏడాది వడ్డీ తీసుకున్నడనుకుందాం. సుమారు 94 వేలు వస్తది. అంటే ఏడాదంతా ఇల్లు నడవాల్సిన వడ్డీ ఎంతనో, అంత ముందుగాలనే సర్కారు పట్టుకపోయింది. 45 వేల జీతం పోయి, నెలకు ఎనిమిది వేల లోపు వడ్డీ మిగిలింది. దానిలోనే బిడ్డ చదువు, తల్లి మందులు, ఇంటి కిరాయి.

ఇంకో ముచ్చట విను అన్నా. అదే మనిషిని మార్చి 31 కాకుండ ఒక్క నెల ఆగి ఏప్రిల్ 30 నాడు పంపిన్రనుకో. ఇవే రేట్లతో లెక్కేస్తే, కొత్త ఏడాదిలో అతని జీతం ఒక్క నెలదే, 45 వేలు. దానికి 9 లక్షల 40 వేలు కలిపి, 75 వేలు తీసేస్తే 9 లక్షల 10 వేలు. 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉన్నది గనుక పన్ను సున్నా! తారీఖు ఒక్క నెల జరిగితే 94 వేలు మిగిలినట్టు. ఆ తారీఖు పెట్టేది ఎవరు? కార్మికుడు కాదు. కంపెనీ. మార్చి లోపల లెక్కలు తేలిపోవాలె, బ్యాలెన్స్ షీటు అందంగ కనబడాలె అని కంపెనీ తారీఖు పెడ్తది. ఆ అందం ఖర్చు కార్మికుడు కడ్తడు. ఇది 'స్వచ్ఛందం'!

రెండు తలుపులు, తెరిచేది ఒక్కటే

ఏండ్ల తరబడి సేవకు వచ్చిన పైసలు ఒక్క ఏడాదిలో పడితే పన్ను పెరుగుతది గదా, దానికి మందు లేదా అంటే సెక్షన్ 89 అని ఒక ఉపశమనం ఉన్నది. పరిహారాన్ని అంతకుముందటి మూడేండ్లకు పంచి చూసి పన్ను భారం తగ్గిస్తరు. ఐదు లక్షలకు 10(10సి), పైన ఉన్నదానికి 89 అని రెండూ ఇయ్యాలని ఉద్యోగులు కోర్టులకు పోయిన్రు. రెండూ ఇవ్వొచ్చని కోర్టులు చెప్పిన సందర్భాలు సుత ఉన్నయి. ఢిల్లీ ఏం చేసింది? 2009లో చట్టం సవరించి, ఒకటి తీసుకుంటే రెండోది లేదని తలుపు మూసింది. కోర్టులో కార్మికుడు గెలిస్తే పార్లమెంటులో ఓడగొట్టిన్రు.

ఇంకో కిటుకు ఉన్నది. ఐదు లక్షల మినహాయింపు దొరకాలంటే కంపెనీ పెట్టిన పథకం రూల్ 2బిఎ ప్రకారం ఉండాలె. పదేండ్ల సర్వీసో, నలభై ఏండ్ల వయసో ఉండాలె. డైరెక్టర్లు తప్ప కార్మికులు, అధికారులు అందరికీ వర్తించాలె. ఖాళీ అయిన పోస్టు మళ్లీ నింపొద్దు. పోయినోన్ని అదే యాజమాన్యం కింది ఇంకో కంపెనీలో పెట్టుకోవద్దు. పరిహారానికి సుత ఒక హద్దు ఉన్నది. పథకం ఈ రూలుకు తగ్గట్టు లేకపోతే ఐదు లక్షలకు సుత దిక్కు లేదు. తప్పు కంపెనీది. నోటీసు వచ్చేది మాత్రం కార్మికుని ఇంటికి!

తక్కువ జీతపోనికి ఇంకో తీరు దెబ్బ

'మాకు అంత ముల్లె ఎక్కడిది, పన్ను ఎక్కడిది' అనుకునే తమ్ముళ్లూ, మీకు ఇంకో తీరుగ తగుల్తది. నెలకు 21 వేల లోపు జీతం ఉన్నోళ్లు ఈఎస్ఐ కింద ఉంటరు. నౌకరి పోతే ఆదుకోవాలని 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని తెచ్చి, పొడిగించుకుంటూ వచ్చిన్రు. అర్హత ఉన్నోనికి 90 రోజుల దాకా రోజు కూలీలో సగం ఇస్తరు. కాని నిబంధన చూడున్రి. స్వచ్ఛంద విరమణ తీసుకున్నోనికి ఇది రాదు! నువ్వే పోయినవు గదా, నీకెందుకు సాయం అన్నట్టు.

ఆడికే ఆగలేదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనే రిట్రెంచ్‌మెంట్ అంటే ఏందో చెప్పుకుంట, స్వచ్ఛంద విరమణ దాని కిందికి రాదని రాసిన్రు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సుత అదే మాట. దీని ఫలితం ఏంది? ఫ్యాక్టరీలో మందిని తీసేయాలంటే సర్కారు ముందస్తు అనుమతి కావాలె. వంద మంది ఉన్న ఫ్యాక్టరీకి ఉన్న ఈ కట్టడిని కొత్త కోడ్‌లో మూడు వందలకు జరిపిన్రు. వీఆర్ఎస్‌కు ఆ అనుమతి సుత అక్కర లేదు. తీసేసినోనికి మళ్లీ భర్తీలో మొదటి అవకాశం ఇయ్యాలె, వీఆర్ఎస్ వానికి లేదు. కొత్త కోడ్‌లో తీసేసిన కార్మికునికి కొత్త పని నేర్చుకోవడానికని యజమాని 15 రోజుల జీతం నిధికి కట్టాలె, వీఆర్ఎస్ వానికి అదీ లేదు. ఒక్క మాట 'స్వచ్ఛందం'. ఎన్ని హక్కులు మింగిందో లెక్క పెట్టున్రి.

'ఎక్కువిస్తున్నరు గదా' అనేటోళ్లకు

కొందరు పెద్దమనుషులు అడుగుతరు. "రిట్రెంచ్‌మెంట్ అయితే ఏడాదికి 15 రోజుల జీతమే గదా. వీఆర్ఎస్‌లో 45 రోజులు ఇస్తున్నరు. మూడంతలు ఎక్కువ తీసుకొని మళ్లీ ఏడుపెందుకు?"

న్యాయమైన ప్రశ్ననే. జవాబు చెప్తం. వీఆర్ఎస్ తీసుకున్నోడు తెలివితక్కువోడు కాదు. మూతబడే ఫ్యాక్టరీలో 15 రోజుల కోసం ఎదురు చూసుడు కన్న 45 రోజులు పట్టుకొని బయటపడుడే నయం అని చాలా మంది లెక్కేసుకుంటరు, అందులో తప్పు లేదు. కాని ఆ ఎక్కువ పైసలు ఎందుకిచ్చిన్రు? యజమాని దయతోనా? సర్కారు అనుమతి అడిగే బాధ తప్పినందుకు, కోర్టు కేసు తప్పినందుకు, యూనియన్ నోరు మూసుకున్నందుకు ఇచ్చిన్రు. అవి కార్మికుడు అమ్ముకున్న హక్కుల ధర. బతుకుదెరువు అమ్ముకొని తెచ్చుకున్న ధరను ఆదాయమని పన్ను వేసుడు ఏం న్యాయం? ఎవుసం భూమి సర్కారు గుంజుకుంటే వచ్చే పరిహారానికి పన్ను మినహాయింపు ఉన్నది. ఉండాల్సిందే. మరి ఫ్యాక్టరీ కార్మికునికి నౌకరే ఎవుసం, మెషినే పొలం. దానికి ఐదు లక్షల గీత ఎందుకు?

మన గడ్డ మీద రాసిన పాఠం

ఇది పుస్తకంలో చదివిన ముచ్చట కాదు. వరంగల్ ఆజంజాహి మిల్లును 1934లో పెట్టిన్రు. తరాలను సాదిన మిల్లు. నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతిలోకి పోయి, 2002లో మూతబడ్డది. కార్మికులు వీఆర్ఎస్ కాగితాలతో గేటు బయటికొచ్చిన్రు. మిల్లు జాగ ప్లాట్లయింది. ఆ జాగలో గూడు కోసం, అక్కడ చెమట ధారబోసిన కార్మికులే ఏండ్లకేండ్లు కొట్లాడవలసి వచ్చింది.

రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలు పెట్టింది, 1999లో ఆగింది. 2002లో కేంద్రం మూసివేతకు నిర్ణయం తీసుకొని, ఉద్యోగులను స్వచ్ఛంద విరమణతో పంపింది. ఎరువుల కార్పొరేషన్ల ఉద్యోగులు రావలసిన వేతన సవరణ కోసం సుప్రీంకోర్టుకు పోయిన్రు. 2003లో కోర్టు ఏమన్నది? స్వచ్ఛంద విరమణ సొమ్ము తీసుకొని పోయినోడు తన పాత హక్కులన్నీ వదులుకొని పోయినట్టే, మళ్లీ అడిగేది లేదన్నది. అదే రామగుండంలో 2021లో ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ యూరియా తయారైతున్నది. జాగ అదే, గోదావరి అదే. పాతోళ్ల హక్కు మాత్రం ఒక్క సంతకంతో మట్టిలో కలిసింది.

బోధన్ నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు చేతికి ఇచ్చిన్రు, 2015 డిసెంబరులో మూతబడ్డది. బీఎస్ఎన్ఎల్‌లో 2020 జనవరి 31, ఒక్క దినం, దేశమంతా 78 వేల మందికి పైగా వీఆర్ఎస్ మీద ఇంటికి పోయిన్రు. 2025లో విశాఖ ఉక్కులో వీఆర్ఎస్ కాగితాలు పంచిన్రు. ప్రాంతం ఏదైతేంది, సంతకం పెట్టిన చెయ్యి కార్మికునిదే. ఆ బాధ ఆడోళ్లదీ మనదీ ఒక్కటే.

ఇంకో విడ్డూరం సుత చెప్పుకోవాలె. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల తొలినాళ్లలో ప్రభుత్వ రంగ సంస్థల 'సంస్కరణ' బ్రిటన్ సర్కారు సాయం సంస్థ డీఎఫ్ఐడీ పైసలతో నడిచింది. మూసుడు, అమ్ముడు, మందిని తగ్గించుడు, అన్నీ అండ్లనే. ఆ బ్రిటన్ తన దేశంలో నౌకరి పోయినోనికి ఇచ్చే పరిహారంలో మొదటి 30 వేల పౌండ్లకు పన్ను వెయ్యదు. మన రూపాయల్లో ముప్పై లక్షలకు పైనే. వాళ్లు సుత ఆ గీతను 1988 నుంచి పెంచలేదు, అక్కడి కార్మికులకు ఆ బాధ ఉన్నది. కాని మనకు మూసివేతలు నేర్పినోళ్ల కాడ మన ఢిల్లీ దొరలు గిది మాత్రం ఎందుకు నేర్వలేదు?

పింఛన్ అనే ఎండమావి

'ముల్లె పోయినా పింఛన్ ఉన్నది గదా' అనుకునేటోళ్లు జర ఆగున్రి. పీఎఫ్ పింఛన్ 58 ఏండ్లకు. పదేండ్ల సర్వీసు ఉంటేనే నెల నెలా వస్తది. యాభై దాటినంక ముందుగాల కావాలంటే, తక్కువైన ప్రతి ఏడాదికి 4 శాతం కోత. ఆ కోత తాత్కాలికం కాదు, బతికినన్ని దినాలు ఉంటది. పింఛన్ లెక్క సుత నెలకు 15 వేల జీతం దాకే చూస్తరు. నీ జీతం నలభై వేలైనా పదిహేనే. కనీస పింఛన్ 2014లో వెయ్యి రూపాయలు చేసిన్రు. పదేండ్లు గడిచినా అదే వెయ్యి. 

చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెండ్లూ

ఇది ముసలోళ్ల ముచ్చట అని పేజీ తిప్పకున్రి. హైటెక్ సిటీలో మెడలో పట్టీ వేసుకొని తిరిగే పిల్లలకు ఈ దెబ్బ ఇంకో రూపంలో తగుల్తున్నది. పొద్దున లాప్‌టాప్ బందు. మీటింగ్ గదిలో పది నిమిషాలు. "రాజీనామా పెడితే రెండు నెలల జీతం, మంచి సర్టిఫికెట్. లేకపోతే టర్మినేషన్." పిల్లోడు భయపడి రాజీనామా పెడ్తడు. ఆ రెండు నెలల జీతానికి 10(10సి) వర్తించదు. నలభై ఏండ్లు లేవు, పదేండ్ల సర్వీసు లేదు, అది పథకమే కాదు. మొత్తం పన్నులో కలుస్తది. రాజీనామా చేసినవు గనుక కోర్టులో నోరు లేవదు. మీ తాత ఆజంజాహి గేటు కాడ పెట్టిన సంతకమే, నువ్వు ఈమెయిల్‌లో పెడ్తున్నవు తమ్మీ.

సర్కారు నౌకరి ఉన్న అన్నలకు సుత ఒక మాట. మీ గ్రాట్యుటీకి, పదవీ విరమణ నాటి లీవ్ పైసలకు పూర్తి మినహాయింపు ఉన్నది. కొట్లాడి నిలుపుకున్న హక్కు అది. మీ సంఘాలకు బలమున్నది, నోరున్నది. ఆ నోరు ప్రైవేటు కార్మికుని కోసం సుత ఒక్కసారి తెరవాలె.

సంతకానికి ముందు అడగాల్సినయి

ఒకటి. పథకం రూల్ 2బిఎ ప్రకారం ఉన్నదని కంపెనీ రాసి ఇయ్యాలె. నోటి మాట చెల్లదు.

రెండు. పన్ను పట్టుకున్నంక చేతికి ఎంత వస్తదో కాగితం మీద చూపించాలె. పైన రాసిన అంకె చూసి మురిసిపోవద్దు.

మూడు. వదిలే తారీఖు ఏ పన్ను ఏడాదిలో పడుతదో చూసుకోవాలె. మార్చి ఆఖరు అయితే ఏప్రిల్‌కు జరపమని అందరూ కలిసి అడగాలె.

నాలుగు. ఐదు లక్షల మినహాయింపు బతుకంతల ఒక్కసారే. దానికీ, మూడేండ్లకు పంచే ఉపశమనానికీ రెండు లెక్కలు వేయించి, ఏది లాభమో చూసుకోవాలె. విడతలుగా ఇస్తనంటే ఇంకా జాగ్రత్త.

ఐదు. గ్రాట్యుటీ, లీవ్ పైసలు, నోటీసు జీతం, పరిహారం వేర్వేరుగ రాయించుకోవాలె. అన్నీ ఒకే మొత్తంగ రాస్తే మినహాయింపులు అడగడం కష్టమైతది.

ఆరు. ఈఎస్ఐలో కనీసం ఐదేండ్లు ఉన్నోళ్లు వీఆర్ఎస్ తీసుకున్నా, నెలకు పది రూపాయల చొప్పున ఏడాదికి 120 కడితే భార్యాభర్తలకు వైద్యం దొరుకుతది. ఇది కంపెనీ చెప్పదు. మనమే అడగాలె.

మన డిమాండ్లు

వీఆర్ఎస్, రిట్రెంచ్‌మెంట్ పరిహారాల మీద ఐదు లక్షల గీతను లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌తో సమానంగ ఇరవై ఐదు లక్షలకు జరపాలె. ధరలు పెరిగినకొద్దీ అది పెరగాలె. 2009లో మూసిన తలుపు మళ్లీ తెరవాలె. మూసివేత, బదిలీ బెదిరింపుల నడుమ తీసుకున్న సంతకాన్ని స్వచ్ఛందమని లెక్కించొద్దు, ఈఎస్ఐ నిరుద్యోగ సాయం వాళ్లకూ ఇయ్యాలె. పన్ను పోను చేతికొచ్చేదెంతో తెలుగులో రాసి ఇయ్యకుండ ఏ యాజమాన్యమూ సంతకం తీసుకోవద్దని చట్టం రావాలె.

పన్ను చట్టం ఢిల్లీది గనుక ఢిల్లీని అడగాలె. మన ఎంపీలు ఎవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, బడ్జెట్ కాలం వచ్చినప్పుడు ఈ ఐదు లక్షల ముచ్చట ఎత్తిన్రా లేదా అని గల్లా పట్టి అడగాలె. మేనేజరు కుర్చీ వేసి చాయ్ తెప్పిస్తే ఆ చాయ్ తాగున్రి, తప్పు లేదు. కాని పెన్ను మాత్రం జేబులోనే ఉంచున్రి. ఒక్కొక్కన్ని గదిలోకి పిలిచినప్పుడు, "మేం అందరం కలిసే వస్తం" అనున్రి. వాళ్లు ఒంటరి సంతకాలే కోరుతరు. ఒంటరిగ ఎవరూ పెట్టకపోవుడే మన మొదటి జవాబు.